తమిల్లా పెద్దకొడుకు

ఎడారి నడుమ ఉన్న గరామా ఊరిని మట్టితో కట్టారనుకుంటారు. నేల కింద సొరంగాలు తవ్వి తవ్వి చచ్చిన, ఎడారికి దక్షిణాన పట్టితెచ్చిన బందీలతో కట్టారు. తాతల కాలంలో గుడారాలు మోసుకుంటూ మేకల వెంట తిరిగిన జాతి, ఇవాళ గోడలు లేపి, బార్లీ పండించి, నాలుగు గుర్రాల రథాలెక్కి ఊరేగుతోందంటే అదంతా కొండ అడుగునుంచి పొలాల దాకా ఆ సొరంగాల్లో పారే నీళ్ల చలవే. నీళ్లు ఆగితే మళ్లీ గుడారాలే గతి.

ఆ ఏడు ఆగిపోయాయి.

ఊరిపెద్ద ఇజ్మార్ ఆనవాయితీ ప్రకారం పూర్వీకుడి సమాధి మీద పడుకుని కల కన్నాడు. పొద్దున్నే అందరినీ పిలిచి చెప్పాడు. కూలింది తమిల్లా మామగారు తవ్వించిన సొరంగమట. ఇంక బందీలు దిగితే లాభం లేదట. ఆ ఇంటి పెద్దకొడుకే దిగి మట్టి తీయాలట.

తమిల్లా మొగుడు పోయాక కొడుకు మాసెన్ మీదే పంచప్రాణాలూ పెట్టుకుని బతుకుతోంది. కూలిన సొరంగంలో దిగినవాడు తిరిగి రావడం కల్ల అని ఆమెకు తెలుసు. ఇంతకాలం దిగింది బందీలు కాబట్టి ఆ సంగతి ఆమెకు ఏనాడూ నిద్ర చెడగొట్టలేదు.

"ఆగు పెద్దయ్యా," అంది. "మాసెన్ నా రెండోవాడు."

"ఎండదెబ్బ తగిలిందా ఏమే నీకు? మొదటివాడు పురిట్లోనే పోయాడుగా?" అన్నాడు ఇజ్మార్.

"పోయాడు. రొమ్ముల పోటు తట్టుకోలేక, తల్లి చచ్చిన బందీ పిల్లాడికి పాలిచ్చాను. అదుగో, ఆ కోరోగాడికే."

ఆ ఊళ్లో చనుబాలు తాగితే కడుపున పుట్టినట్టే లెక్క. అలాంటివాణ్ణి అమ్మకూడదు, మేకల దొడ్డిలో పడుకోబెట్టకూడదు. అందుకే ఇన్నేళ్లూ తమిల్లా ఆ మాట బయటికి పొక్కనివ్వలేదు.

"నిజమే, నా కళ్లతో చూశా," అంది ముసలి మంత్రసాని తాస్సా. "నోరెత్తితే నాలుక కోస్తానంది ఈ మహాతల్లి!"

"ఇవాళ గుర్తొచ్చిందన్నమాట కొడుకని!" అని ఎవరో అంటే అందరూ గొల్లున నవ్వారు. కానీ కట్టుబాటు కట్టుబాటే. ఇజ్మార్ తల ఊపాడు.

నవ్వనివాడు కోరో ఒక్కడే. మేకల్ని వదిలేసి మెల్లగా నడిచి వచ్చాడు.

"నేను నీ కొడుకునా?"

"అవును నాయనా."

"మరి ఇన్నాళ్లూ దొడ్డిలో ఎందుకు పడుకోబెట్టావమ్మా?"

నిష్ఠూరంగా అడిగినా బాగుండేది. పిచ్చివాడు నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. తమిల్లా బార్లీ జావలో వెన్న వేసి తన చేత్తో తాగించింది. వాడు కళ్లు మూసుకుని తాగాడు.

"ఏరా, ఇకనుంచి నిన్ను అన్నా అనాలా?" అన్నాడు మాసెన్ వెటకారంగా.

"అనరా తమ్ముడూ, ఒక్కసారి," అన్నాడు కోరో. మాసెన్ అనలేదు.

బందీ దిగితే వాడి నడుముకు కట్టిన తాడు బందీలు పట్టుకుంటారు. ఇంటిబిడ్డ దిగితే అయినవాళ్లే పట్టుకోవాలి. తల్లీకొడుకులు చెరో చోట తాడు పట్టుకున్నారు. రోజూ కోరోతో కలిసి తిన్న బందీలు దూరంగా నిలబడ్డారు. వాడు అడ్డపంచ బిగించి, నవ్వుకుంటూ సొరంగానికి దారితీసే బావిలోకి జారాడు.

ఎండ నడినెత్తికొచ్చాక లోపల ఏదో విరిగినట్టు చప్పుడైంది.

"అమ్మా! నీళ్లొచ్చాయమ్మా! లాగండి!"

ఇద్దరూ లాగారు. తాడు కొంత పైకొచ్చింది. అప్పుడు మాసెన్‌కు బుర్ర పనిచేసింది.

"పైకొస్తే ఇంటికి వాడే పెద్ద కదమ్మా," అన్నాడు మెల్లగా. "ఊరంతా వాడికే దణ్ణం పెడుతుంది."

చేతులు వదిలేశాడు.

బరువంతా తమిల్లా మీద పడింది. తాడు అరచేతుల్ని ఒరుసుకుంటూ జారుతుంటే మడమలు ఇసుకలో తన్నిపెట్టి నిలబడింది. అడుగునుంచి "అమ్మా, అమ్మా" అని కేకలు. బందీలు ఆగలేక పరుగెత్తుకొచ్చారు. ఇజ్మార్ కర్ర అడ్డంపెట్టి ఆపాడు.

"తల్లి చెబితే ముట్టుకోండి. చెప్పవే, పట్టుకోమంటావా?"

ఒక్క ఊఁ అంటే చాలు. తమిల్లా మాసెన్ వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసినప్పుడల్లా అలాగే దించుకునేవాడు. ఆమెకు వాడి మీద కోపం రాలేదు, పైగా జాలేసింది.

"వద్దు," అంది. "మా బిడ్డ తాడు పరాయివాళ్లు ముట్టుకోకూడదు."

వేళ్లు విప్పింది.

కాసేపటికి కాలువ నిండింది. పొలం గట్ల మీద జనం కేకలు, ఈలలు. పిల్లలు నీళ్లలో పడి దొర్లుతున్నారు. బందీలు మాత్రం బావి చుట్టూ కూర్చుని కదల్లేదు.

మాసెన్ పరుగున వెళ్లి దోసిట్లో నీళ్లు పట్టుకొచ్చాడు.

"తాగమ్మా, చల్లగా ఉన్నాయి."

పొద్దుటినుంచీ ఎండలో నిలబడి ఆమెకు గొంతు ఎండిపోయింది. తాగింది.