ఎర్ర స్ఫటికాల్లో అదనపు గీత

వాల్‌బుర్గా తల్లిది మ్యూనిక్ సంతలో జున్ను కొట్టు. అందుకే రసాయన ప్రయోగశాలలోనూ ఆమెకు రెండే లెక్కలు: సరుకెంత, తరుగెంత. ఈసారి తరుగే గెలిచేలా ఉంది. ఆమె తయారుచేసిన, గాలి సోకితే పాడైపోయే ఎర్రటి క్రోమియం కార్బీన్ స్ఫటికాలు నైట్రోజన్ నింపిన గాజుబుడ్డి అడుగున గోరంత మిగిలాయి.

ఎన్‌ఎంఆర్ యంత్రం ఒక్కో రకం కార్బన్‌కు ఒక్కో గీత గీస్తుంది. క్రోమియాన్ని పట్టుకున్న అసలు కార్బన్ గీత మాత్రం రాలేదు. పైగా ఆ అణువులోనే ఉన్న బెంజీన్ వలయపు కార్బన్ల గీతల మధ్య ఊరూ పేరూ లేని గీత ఒకటి నిలబడింది. ఆ అసలు కార్బన్ ఉందని సోమవారానికి రుజువు చూపకపోతే ఈ పనిని క్విరిన్‌కు అప్పగిస్తానన్నాడు ప్రొఫెసర్ లిండాకర్.

"మురికే బుర్గీ, మళ్ళీ కడుగు," అన్నాడు పక్క బల్ల క్విరిన్, ఉప్పు బ్రెట్సెల్ రొట్టె కొరుకుతూ.

"కడిగి కడిగి సగం పోగొట్టాను. ఇంకోసారి కడిగితే నీకు ఖాళీ బుడ్డే మిగులుతుంది."

"ఖాళీ బుడ్లు నాకూ బోలెడున్నాయిలే తల్లీ."

ఆమె యంత్రం గీసిన పాత కాగితాలన్నీ బల్లమీద పరిచింది. మురికైతే కడిగినకొద్దీ తగ్గాలి. ఈ గీత మిగతావాటితో సమానంగా నిలిచింది. అంటే మురికి కాదు, సరుకే. మరి తేడా తక్కెడలో ఉండాలి. మామూలు కార్బన్లు పడేంత మేరకే యంత్రాన్ని బిగించి ఉంచడం అక్కడి అలవాటు. ఆ మేర దాటిన గీతను యంత్రం కాగితం అంచు మడిచినట్టు లోపలికి మడుస్తుంది. రాలేదనుకున్న అసలు గీతే ఇలా మడతపడి మధ్యలో నిలబడిందేమో.

గీత స్పష్టంగా పడాలని మిగిలిన స్ఫటికాలన్నీ ఒకే గొట్టంలో కరిగించింది.

"పిచ్చా నీకు? కొన్నైనా దాచుకో!" అరిచాడు క్విరిన్.

"దాచిన జున్నుకు బూజే లాభం."

మేరను బాగా పెంచి మీట నొక్కింది. కొలత సాగింది, గొట్టంలో సరుకు పాడవుతూ ఎరుపు మెల్లగా గోధుమరంగుకు తిరిగింది. చివరికి యంత్రం కలం కాగితం మీద కదిలింది. వలయం గీతల మధ్య అదనపు గీత లేదు. కాగితం ఎడమ కొసన, ఎప్పుడూ ఏమీ పడనిచోట, ఒంటరిగా ఒక గీత లేచింది.

"ఓసి నీ మురికి బంగారంగానూ!" అన్నాడు క్విరిన్.

సోమవారం ప్రొఫెసర్ ఆ కాగితం ఎడమ కొసనున్న గీతపై వేలు పెట్టాడు. "స్ఫటికాలేవి, ఫ్రాయిలైన్ వాల్‌బుర్గా?"

"లేవండీ. ఈ గీతకే ఖర్చయ్యాయి."

"ఎక్స్‌రేతో అణువు ఆకృతి చూడ్డానికి స్ఫటికాలు మళ్ళీ చేయాలి కదా."

"చేసేది నేనా, లేక క్విరినా?"

"మీరే."

ఆమె చేతి గడియారం చూసుకుంది. ఉదయమే మొదలుపెట్టిన కొత్త సరుకు బుడ్డి మంచుతొట్టిలో ఉంది. కలపడం ఆపే వేళయింది.