గంగ నడుం నొప్పి

మా మరదలు గంగ పరుగెత్తుతుంటే ఊరంతా దాని వేగం చూస్తుంది. నేను దాని తుంటి చూస్తాను. నా టీవీఎస్ బండి ముందు పోతుంటుంది, అది వెనక పరుగెత్తుకుంటూ వస్తుంది, అద్దంలో నాకు అంతా కనిపిస్తుంది. ఇటూ అటూ తూకం తప్పకుండా, కావడి మోసే మనిషిలా ఉంటుంది దాని ఊపు. చూసిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది. ఇలాంటివి లోపల దాచుకుని పైకి నవ్వడం నాకు చేతకాదు.

గంగ మా తమ్ముడు ఆదిశేషు పెళ్లాం. పుల్లలచెరువు అవతలి పల్లె నుంచి వచ్చింది. అక్కడ మంచినీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని ఎంత దూరం నడిచేదో చెబితే మా గిద్దలూరు వాళ్లు నమ్మరు. మా ఇంటికి వచ్చాక నాయనకి సాయంగా గొర్రెల వెంట పోయేది. పరుగు పందెం అనేది ఒకటుందని కూడా దానికి తెలియదు. తెలిసిందంటే నా పుణ్యమే.

ఎందుకంటే మా ఇంట్లో పరుగు నాది. పది కిలోమీటర్లు, ఇరవై ఒకటి, నలభై రెండు, ఏ ఊళ్లో పెద్ద పరుగు పెట్టినా భవాని వస్తోందంటే మిగతా అమ్మాయిలు రెండో స్థానం కోసమే లేసులు కట్టుకునేవాళ్లు. గొప్పలు చెప్పుకోవడం కాదు, గొప్పే. నేను మొదట నిక్కరు వేసుకుని రోడ్డెక్కినప్పుడు ముక్కున వేలేసుకున్న ఊరు, కప్పులు తెచ్చాక మా పిల్లే అంది. గుంటూరు ట్రైనింగ్ క్యాంపుకి ఎంపికయ్యాను. సరిగ్గా అప్పుడే ఎడమ గజ్జల్లో నొప్పి మొదలైంది.

గజ్జల్లో అని ఎవరికి చెప్పను? నాయనకా? కోచ్ సారుకా? మా ఇళ్లల్లో ఆడపిల్లకి నడుం కింద, మోకాలి పైన నొప్పి అనేదే రాదు. వస్తే దాన్ని నడుం నొప్పి అంటారు. నేనూ అదే అన్నాను. అమ్మ నడుముకి ఆముదం రాసి కాపడం పెట్టింది. సారు నడుముకి బెల్టు తెప్పించాడు. డాక్టరు నడుముకి ఎక్స్‌రే తీయించి, అంతా బాగుంది, పరుగెత్తమన్నాడు. ఆయన తప్పేముంది, నేను చెప్పింది నడుమేగా! పరుగెత్తాను. తుంటి కీలు దగ్గర తొడ ఎముకలో సన్నగా ఉన్న పగులు ఒకరోజు పూర్తిగా విరిగి నన్ను నడిరోడ్డు మీద పడేసింది.

స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది, నొప్పి మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు. ముసురు పడితే వస్తుంది, మెట్లెక్కితే వస్తుంది, ఊరికే కూర్చున్నా వస్తుంది. ఇప్పుడు గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. కుర్చీలో కూర్చుని ఈల ఊదుతాను.

రోజూ నెమ్మదిగా నడవమన్నారు. దారిలో ఎక్కడ పడిపోతానో అని అమ్మ గంగని తోడు పంపింది. నా కుంటి నడకతో దానికి తోచేది కాదు. చెప్పులు చేత పట్టుకుని ముందుకు పరుగెత్తేది, మళ్లీ నా దగ్గరికి వచ్చేది, మళ్లీ పరుగెత్తేది. ఒకరోజు ఆటపట్టిద్దామని వాచీ పెట్టి చూశాను. ఆ టైము చూశాక నాకు నవ్వు రాలేదు.

ఆదిశేషు బతిమాలితే నేర్పడానికి ఒప్పుకున్నాను. గెలిస్తే నా పేరు చెబుతారనే ఆశ కూడా ఉంది. అప్పటినుంచి అమ్మ ఉడకబెట్టే గుడ్డు నా కంచం మానేసి దాని కంచంలోకి పోయింది. నా పందేలకి ఒక్కసారైనా రాని నాయన, గొర్రెల సంతలో కోడలి పరుగు గురించి చెప్పుకుంటున్నాడట. నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే ఆ కోపమంతా బండి మీద చూపించేదాన్ని. అది ఆయాసంతో ఆగిపోవాలి, ఇక నా వల్ల కాదు వదినా అనాలి, అదీ నా కోరిక. రైజ్ చేసేదాన్ని. అది అందుకునేది. ఇంకాస్త రైజ్ చేసేదాన్ని. అందుకుని, "వదినా, నువ్వు భలే నేర్పుతాండావు" అని నవ్వేది.

మార్కాపురంలో ఒక ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెట్టారు. గెలిచిన అమ్మాయికి గుంటూరు క్యాంపులో చోటిస్తారు. నేను పోలేకపోయిన క్యాంపే. ఆ ఆదివారం ఇక దగ్గరికి వచ్చిందనగా, దిగువమెట్ట రోడ్డు మీద గంగ ఎడమ పాదం కొంచెం బయటికి తిరిగి పడటం అద్దంలో చూశాను. కుడి తుంటి అడుగడుక్కీ ఒక్క వెంట్రుకవాసి కిందికి జారుతోంది.

నాకు సంతోషం వేసింది. ముందు వేసింది సంతోషమే, అబద్ధమెందుకు?

బండి ఆపి అడిగాను, "ఏందే, కాలు అట్ల పడతాంది?"

"ఏం లేదు వదినా. కాస్త నడుం పట్టింది."

ఆ మాటతో నా సంతోషం చచ్చిపోయింది. అది నా మాట. అక్షరం పొల్లు పోకుండా నేను చెప్పిన మాట.

సాయంత్రం అందరూ ఉండగా, గంగ ఆదివారం పరుగెత్తకూడదన్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచే తిరిగింది.

"నీకు లేకుండా పోయిందని దానిది గూడా చెడగొడతావేందే?"

"అక్కా, నడుం పట్టినదానికే పందెం మానుకుంటారా?" అన్నాడు ఆదిశేషు. "ఆముదం రాస్తే పోద్ది."

అది నడుం కాదు అని చెప్పాలి. మరి ఏది అని అడుగుతారు. ఎదురుగా నాయన, పక్కన తమ్ముడు. ఒంట్లో స్క్రూలు పెట్టుకుని కూడా ఆ మాట వాళ్ల ముందు నా నోట రాలేదు. మింగేశాను. గంగ తల దించుకుని వింటోంది. వదిన ఓర్వలేక అంటోందని అది అనుకుంటోంది. అందులో తప్పేముంది? నాకే తేలడం లేదు. దాని ఎముక విరగకూడదని ఆపుతున్నానా, ఆ చోటు దానికి దక్కకూడదని ఆపుతున్నానా? రెండూ ఒకే మాటలో ఇమిడిపోతుంటే ఎవరు నమ్ముతారు?

మర్నాడు గంగ నన్ను లేపకుండానే పరుగుకి పోయింది. బండి తీసుకుని వెంటపడ్డాను. రైల్వే గేటు దాటాక దొరికింది. పాదం నిన్నటికంటే ఎక్కువ తిరిగి ఉంది. బండి దానికి అడ్డం పెట్టాను.

"యాడ నొస్తాంది? నిజం చెప్పు."

"నడుమని చెప్పినా గదా!"

"గజ్జల్లో కదూ?"

దాని ముఖం ఎర్రబడింది. "నీకు కడుపుమంట వదినా. ఊళ్లో అందురూ అంటాండారు. నేనే నమ్మలేదు ఇన్నాళ్లు."

"కడుపుమంటే. కాదని ఎవురన్నారు? నీ గుడ్డు చూస్తే మంట, నీ కాళ్లు చూస్తే మంట. నిన్ను పడగొట్టాలనే రోజూ బండి రైజ్ చేసినా. అయినా ఇది మాత్రం అబద్ధం కాదు."

అది వినలేదు. పక్కనుంచి తప్పుకుని పోబోయింది. ఇక మాటలతో పని కాదని బండికి స్టాండు వేసి, చెప్పులు విడిచి, దాని ముందు నేను పరుగెత్తాను.

స్క్రూలు వేశాక నేను పరుగెత్తడం ఎవరూ చూడలేదు. ఒకసారి పిల్లలంతా ఇళ్లకి పోయాక స్కూలు గ్రౌండులో ప్రయత్నించి, నా నీడ చూసి సిగ్గేసి మానేశాను. ఊళ్లో వాళ్ల తలల్లో నేనింకా పాత భవానిలాగే పరుగెత్తుతుంటాను. నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే. దాన్ని అందరికంటే ముందు గంగ దగ్గరే పోగొట్టుకోవాల్సి వచ్చింది. ఎడమ కాలు ఎవరో విసిరేసినట్టు పక్కకి పడుతోంది. ఒళ్లంతా ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఒక చేయి గాలిలో కొట్టుకుంటోంది. ఎదురుగా వచ్చిన లారీలో క్లీనర్ తల బయటపెట్టి నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. నొప్పికి కళ్లవెంట నీళ్లు కారుతుంటే వెనక్కి తిరిగి మళ్లీ దాని దగ్గరిదాకా పరుగెత్తుకుంటూ వచ్చాను.

"చూసినావా? బాగా చూడు. నేను గూడా నడుమనే చెప్పినా."

గంగ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కల్వర్టు గట్టు మీద కూర్చుంది. దాని చేయి మెల్లగా ఎడమ గజ్జ మీదికి పోయింది.

"ఈడ వదినా. అడుగేస్తే కత్తితో పొడిసినట్టుంటాది. మామ ముందర, ఆయన ముందర ఎట్ల చెప్పేది?"

"నాకు చెప్పాల్సింది."

"నీకా?" అంది.

బండి మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను. ఈసారి నాయన ముందే, ఆదిశేషు ముందే, గజ్జల్లో నొప్పి అన్నాను. నాయన గొంగడి దులుపుకుంటూ బయటికి పోయాడు. ఇల్లేమీ కూలిపోలేదు.

మార్కాపురంలో డాక్టరు స్కాన్ తీయించాడు. ఎముక మీద వెంట్రుకంత గీత ఉంది. కాలు మోపకుండా రెస్టు తీసుకుంటే ఆపరేషన్ అక్కర్లేకుండానే అతుక్కుంటుందని, వేసవి దాటాక మళ్లీ పరుగెత్తవచ్చని అన్నాడు. ఇంకో వారం పరుగెత్తి ఉంటే విరిగేదట. ఇంత తొందరగా ఎవరు కనిపెట్టారని అడిగితే గంగ నన్ను చూపించింది.

గిద్దలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది, చంకకర్రలు ఒళ్లో పెట్టుకుని. ఆదివారం పోయిందని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా చేయి పట్టుకుంది.

"వదినా, నీకు గూడా అప్పుడు ఎవురన్నా ఇట్ల చూసి చెప్పింటే..."

"నోరు మూసుకుని కూచో" అన్నాను. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇన్నాళ్లూ దాని కాళ్లు చూసి కుళ్లుకున్నాను, దాని వేగం చూసి కుళ్లుకున్నాను. అవన్నీ చిన్నవి. ఆ బస్సులో దాని పక్కన కూర్చుని, దానికి నేనున్నానని కుళ్లుకున్నాను.