దేవయ్య చెంచా

దేవయ్య పైపును భుజానికెత్తుకున్నాడు. ముందురోజు కడిగి ఆరబెట్టిందే అయినా, దాని నోట్లోంచి నాలుగు చుక్కలు జారి మెడ మీద పడ్డాయి. ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడిపోయాడు. కడుపులోంచి ఏదో గొంతుదాకా వచ్చి, మళ్లీ దిగిపోయింది. ఒమాన్ వచ్చిన నాటినుంచీ పొద్దు మొదలయ్యేది ఇలాగే. ఆ మొదటి చుక్కకు కడుపు తిప్పని రోజంటూ లేదు.

"ఇంకెన్నేండ్లే దేవన్నా, నీ ఓకారం?" అన్నాడు అజ్మత్, డ్రైవరు సీట్లోంచి. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో పరాటా చుట్ట నములుతున్నాడు. ఇందాక పైపు బిగింపులు చూసిన చెయ్యే అది. కడిగాడో లేదో వాడికే తెలియాలి. వేళ్లకంటిన గుడ్డు సొనను నాకడం చూసి దేవయ్య కిటికీ వైపు తిరిగాడు.

బురైమి వీధుల్లో నీలం రంగు ట్యాంకరు కనబడితే జనం గేటు తీసి ఎదురొస్తారు. అది మంచినీళ్లది. పసుపు రంగుది కనబడితే కారు అద్దాలెక్కించుకుంటారు. అది ఇళ్ల కింద దాచుకున్నదాన్ని తోడుకుపోయే బండి. దేవయ్యది పసుపు బండి. జగిత్యాల పక్కన వాళ్ల ఊళ్లో మాత్రం అందరూ నీలం బండే అనుకుంటారు. ట్యాంకరు డ్యూటీ అని మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు భార్య కనకవ్వ, "పుణ్యమున్న పనే, దూప తీర్చుడు" అంది. దేవయ్య కాదనలేదు. ఆ తర్వాత కాదనే సందర్భం రాలేదు.

ఆ పొద్దు మొదటి ఇల్లు ఖర్జూరపు తోట పక్కనున్న పెద్ద బంగ్లా. పాలరాతి మెట్లు, బంగారు పూత గేటు. బండి ఆగగానే పనమ్మాయి సాంబ్రాణి పొగ తెచ్చి గుమ్మంలో పెట్టి లోపలికి పారిపోయింది. దేవయ్య మురుగు గుంత మూత లేపాడు. పైన కొవ్వు పేరుకుని మీగడ కట్టి ఉంది. ఇనుప కొక్కెంతో దాన్ని పగలగొడితే కింద నల్లటి రొచ్చు బుడగలు బుడగలుగా తేలింది. వెంట్రుకల ఉండలు, ఖర్జూరపు గింజలు, పిల్లల ముడ్డి తుడిచిన కాగితాలు, పళ్లేలకు పళ్లేలు పారబోసిన అన్నం. మెట్లు పాలరాతివైనా, పదిమంది పడుకునే రూమైనా, మూత లేపితే ఉండేది అదే. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు. సాంబ్రాణి, కంపు కలిసి వచ్చే వాసన ఒట్టి కంపుకన్నా అన్యాయంగా ఉంటుందని మాత్రం అజ్మత్‌తో ఒకసారి అన్నాడు.

పని అయ్యాక పనమ్మాయి నీళ్ల సీసా తెచ్చి గేటు బయట నేల మీద పెట్టి, అది అతని చేతికి వెళ్లేదాకా దూరంగా నిలబడి చూసింది. దేవయ్య ఆ నీళ్లు తాగలేదు. చెయ్యి కడుక్కున్నాడు.

ఆ కుడిచెయ్యే అతని గోడు. గోళ్లు చర్మందాకా కత్తిరించి ఉంటాయి. నిమ్మకాయ, ఉప్పు, బట్టల సబ్బు, ఒకసారి డీజిలు కూడా పోసి తోమాడు. చర్మం పగిలి నెత్తురు కారిందే తప్ప వాసన పోలేదు. అజ్మత్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "సబ్బు వాసనే వస్తుంది కదనే" అన్నాడు. దేవయ్యకు రాలేదు. చేత్తో అన్నం కలిపి నోటిదాకా తెచ్చి, ముద్దను మళ్లీ పళ్లెంలోనే వదిలేసేవాడు. వచ్చిన కొత్తలో, కంపెనీ రూమ్ ఘుబ్రాలో ఉన్నప్పుడు, మత్రా బజారుకు పోయి ఒక స్టీలు చెంచా కొనుక్కున్నాడు. అప్పటినుంచి అది చొక్కా జేబులో ఉంటుంది. సెలవు మీద ఊరికి పోయినప్పుడు కనకవ్వ అన్నంలో పుంటికూర వేసి ముందు పెడితే, జేబులోంచి చెంచా తీశాడు. ఆమె దాని వంక చూసి, ఇంకాస్త కూర వేసింది. పక్కింటివాళ్లు, "దేవయ్య దొరయిండు" అన్నారు. అతను నవ్వి ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆ నవ్వుతో గడిచేలా లేదు. బండి ఎక్కబోతుంటే కూతురు శ్రీవాణి ఫోన్ చేసింది.

"బాపూ, టికెటొచ్చిందా?"

"వచ్చింది బిడ్డా."

"బేస్తారం నాడు నా బిడ్డకు అన్నం ముట్టిచ్చుడు. మా అత్తగారోళ్లంతా ఉంటరు. ముందు ముద్ద తాతదే. నువ్వు చెంచ గించ తీస్తవేమో, ఇజ్జత్ పోతది. చేతితోనే పెట్టాలె."

"చేతితోనే పెడ్త."

"గట్లంటవు గని, అమ్మ చెప్పింది నీ సంగతి."

ఫోన్ జేబులో పెట్టుకుంటే చెంచా టంగుమంది. ఫోటోలో చూసిన నోరు గుర్తొచ్చింది. పళ్లు లేవు, చిగుళ్లు గులాబి రంగు. అందులోకి ఈ వేళ్లు పోవాలి. పిల్ల కక్కుకున్నట్టు, అత్తగారివాళ్లు లేచిపోయినట్టు ఊహలో కనబడింది.

"వాసన నీ చేతిల లేదన్నా, ముక్కుల ఉంది," అన్నాడు అజ్మత్ బండి తిప్పుతూ. వాడిది బోధన్. నోరు తిరిగినట్టు తెలుగు, దక్కనీ కలిపేస్తాడు. "నీ ముక్కుకు ఆదత్ కావాలె. అయిందనుకో, చెయ్యి సాఫ్. నన్ను చూడు, గుంత పక్కన కూసోని బిర్యానీ తింట."

"నువ్వు తింటుంటే చూసుడే నాకు శిక్ష."

అయినా, ముక్కుకు అలవాటు కావాలన్న ఆ మాట దేవయ్య మనసులో ఉండిపోయింది. ఒక్కసారి, ఒక్క రోజు ముక్కు ఊరుకుంటే చాలు. ఆ ధైర్యంతో ముద్ద పెట్టేసి రావచ్చు.

ఊరి బయట రోడ్డు పనిచేసే చైనా కంపెనీ క్యాంపు ఉంది. మధ్యాహ్నం బండి రోజూ ఆగేది అక్కడే. అక్కడి స్టోరు చూసుకునే చెన్‌కు కూడా దేవయ్య వయసే ఉంటుంది. ఇంగ్లీషు వస్తే ఎండలోంచి ఆఫీసులోకి మారుస్తామని పైవాళ్లు చెప్పారట. అందుకని అన్నం వేళ ఫోన్లో పాఠం పెట్టుకుని, స్టోరు నీడన కూర్చుని వల్లిస్తుంటాడు. ఆఫీసులో కుర్ర ఇంజినీర్లు వింటే నవ్వుతారు. దేవయ్య నవ్వడు. అతని ఇంగ్లీషు ఇంకా అధ్వాన్నం. పైగా, పసుపు బండి మనిషి ముందు ఎవరికీ సిగ్గుండదు. దేవయ్య అది కనిపెట్టాడు, ఏమీ అనుకోలేదు. ఆ క్యాంపులో ముక్కు మూసుకోకుండా పక్కన కూర్చునేది చెన్ ఒక్కడే.

గుంత తెరిచాక తిండి దిగదు కాబట్టి దేవయ్య ముందే డబ్బా విప్పాడు. అన్నం, టమాట పప్పు. చెంచా అన్నంలో నిలువుగా గుచ్చి నీళ్ల సీసా మూత తిప్పుతుంటే, చెన్ చటుక్కున వంగి చెంచా తీసి డబ్బా అంచున పడుకోబెట్టాడు. ఎప్పుడూ చేసే పనే అది. అన్నంలో నిలువుగా గుచ్చితే తమ దేశంలో చచ్చినవాళ్లకు పెట్టినట్టని, మొదటిసారి కళ్లు మూసి, నాలుక బయటపెట్టి చూపించాడు. దేవయ్య తల ఊపుతాడు, మర్నాడు మళ్లీ గుచ్చుతాడు. చెన్ తినేది పుల్లలతో. అతనికీ తిండికీ మధ్య చెయ్యి లేదు. ఈ దేశంలో దేవయ్య చెంచాను వింతగా చూడని మనిషి అతనే.

ఆ రోజు పాఠం, యూజ్డ్ టు. ఫోన్లో చైనా అక్షరాల మధ్య ఆ రెండు మాటలే మళ్లీ మళ్లీ ఉన్నాయి. చెన్ వేలితో చూపించాడు.

"ఐ యూజ్డ్ టు క్యాచ్ ఫిష్." వల విసిరినట్టు చెయ్యి ఊపి, ఖాళీ అరచెయ్యి చాపాడు. "నౌ, నో ఫిష్."

ఇంకో వరుస చదివి ఎండ వైపు గడ్డం ఎత్తాడు. "ఐ యామ్ యూజ్డ్ టు హాట్." చెమట తుడుచుకోకుండా కూర్చుని చూపించాడు.

దేవయ్యకు అర్థమైంది. మొదటిది వదిలిపోయిన సంగతి. రెండోది ఒంటికి పట్టిన సంగతి. చెన్ అతని వైపు వేలు చూపాడు, నీ వంతు అన్నట్టు.

"ఐ యూజ్డ్ టు ఈట్ హ్యాండ్," అన్నాడు దేవయ్య. అని, ఆ మాట తనే విన్నాడు.

చెన్ గుంత వైపు చూపించాడు. "యు ఆర్ యూజ్డ్ టు స్మెల్?"

"నో." దేవయ్య పక్కకు ఉమ్మేశాడు. "నాట్ యూజ్డ్."

రెండు చెంచాల అన్నం లోపలికి పోయిందో లేదో, క్యాంపు మేనేజరు రుమాలు ముక్కుకు నొక్కుకుని కేకలు వేసుకుంటూ వచ్చాడు. వంటగది కాలువలోంచి మురుగు ఎదురు తన్నిందట. కూరల బుట్టల కిందకి చేరిందట. దేవయ్య చెంచా అన్నంలో గుచ్చి లేచాడు.

పైపు దింపారు. అజ్మత్ పంపు ఆన్ చేశాడు. కాసేపు గుటగుటలాడి ఆగిపోయింది. వంటవాళ్లు పారేసిన బియ్యపు గోనెసంచి ఏదో పైపు నోటికి అడ్డం పడింది. పైనుంచి కొక్కెం అందలేదు.

"దిగుడు మన డ్యూటీ కాదే," అన్నాడు అజ్మత్. కంపెనీకి ఫోన్ చేశాడు. అటువైపు మనిషి, ఏదో ఒకటి చేసి తొందరగా కానియ్యమన్నాడు. మేనేజరు రుమాలు తియ్యకుండానే గుంతలోకి వేలు చూపిస్తున్నాడు, కాలితో నేల తన్నుతున్నాడు. దేవయ్య మేనేజరు మొహం, ఆ మెరిసే బూట్లు ఒకసారి చూశాడు. ఈ గొడవ తొందరగా వదిలించుకుని, చేతులు కడుక్కుని పోవాలనిపించింది.

గోడకున్న ఇనుప మెట్ల మీద కాలు పెట్టి దిగాడు. కుళ్లిన గుడ్ల కంపు మొహాన కొట్టింది. తిన్న రెండు చెంచాలూ అక్కడే కక్కేశాడు. కళ్లు మండాయి. ఇంకో మెట్టు దిగి కొక్కెంతో గోనెను కెలికాడు. అప్పుడు, ఎవరో తలుపు మూసినట్టు, వాసన ఆగిపోయింది.

గట్టిగా పీల్చి చూశాడు. ఏమీ లేదు. కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నల్లటి రొచ్చు మణికట్టు దాకా కారుతోంది. అయినా ఏమీ లేదు. పైకి ఎక్కి వచ్చాడు. తల కొంచెం దిమ్ముగా ఉంది, ఎండకనుకున్నాడు.

"ఏమాయె?" అన్నాడు అజ్మత్.

"భాయ్, వాసన వస్తలేదు."

అజ్మత్ పడీపడీ నవ్వాడు. "చెప్పలేదా నేను? ఆదత్ అయింది దేవన్నా. ఇగ చూడు, బిర్యానీ నేనే తినిపిస్త."

స్టోరు ముందునుంచి చెన్ చూస్తున్నాడు. దేవయ్య తన ముక్కును తాకి చూపించి, "ఐ యామ్ యూజ్డ్ టు," అన్నాడు. చెన్ బొటనవేలు పైకెత్తాడు.

పైపు నీళ్లతో చెయ్యి కడుక్కుని, దేవయ్య దాన్ని మొహానికి ఆనించుకున్నాడు. చెయ్యి చెయ్యిలాగే ఉంది. తడి, పగుళ్లు, అంతే. పాలలో మెత్తగా నలిపిన అన్నం, వేలి కొస మీద మెతుకంత. చిన్న చిగుళ్లు దాన్ని చప్పరిస్తాయి. అంతమంది ముందు, చొక్కా జేబులో ఏమీ లేకుండా, చాప మీద కూర్చుంటాడు. కనకవ్వ చూస్తుంది.

"ఒక్క గుంజు గుంజొస్త," అని మళ్లీ దిగాడు. ఈసారి తల తిప్పుకోలేదు. అడుగు మెట్టు దాకా పోయి గోనెను రెండు చేతులా పట్టి లాగాడు. కింద ఎన్నాళ్లనుంచో పేరుకున్న మడ్డి పగిలి, పెద్ద పెద్ద బుడగలు లేచాయి. వాటికీ వాసన లేదు.

పైన పంపు గొంతు మారింది. పైపు బరువుగా వణికి, నిండుగా తోడడం మొదలుపెట్టింది.

"షాబాష్ దేవన్నా," అన్నాడు అజ్మత్. మళ్లీ పిలిచాడు, "దేవన్నా." గుంత అంచుకు వచ్చి వంగి చూశాడు. మెట్ల మీద మనిషి లేడు. గబుక్కున మెట్టు మీద కాలు పెట్టాడు. చెన్ ఎప్పుడు పరిగెత్తుకొచ్చాడో, వెనకనుంచి అజ్మత్ బెల్టు పట్టుకుని వెనక్కి పడ్డాడు. ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. అజ్మత్ తిట్టాడు, గింజుకున్నాడు, కొట్టాడు. చెన్ వదల్లేదు. మేనేజరు రుమాలు జేబులో పెట్టుకుని ఫోన్ తీశాడు.

మొహాలకు తొడుగులు వేసుకుని వచ్చిన వాళ్లు దేవయ్యను పైకి తీసి గుడ్డ కప్పారు. వాళ్లలో ఒక ఒమానీ అబ్బాయి అజ్మత్ పక్కన కూర్చుని, వచ్చిన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. గుంతలో పుట్టే ఈ విషపు గాలి ముందు ముక్కును చంపుతుందట. వాసన పోయిందంటే అలవాటైందని కాదు, పారిపొమ్మని. అజ్మత్ లేచి బండి చక్రం చాటుకు పోయి కక్కుకున్నాడు. ఇన్నేళ్లలో వాడు కక్కుకోవడం అదే మొదలు. కక్కుకుని, తన చెయ్యి వాసన చూసుకుని, మళ్లీ కక్కుకున్నాడు.

చెన్ స్టోరు నీడకు వచ్చాడు. నీడ జరిగిపోయి డబ్బా ఎండలో ఉంది. టమాట పప్పు అంచుల వెంబడి ఎండిపోయింది, ఈగలు ముసిరాయి. చేత్తో తోలి, మూత పెట్టబోయాడు. చెంచా అడ్డం వచ్చి మూత పడలేదు. మూత కింద పెట్టేసి, ఈసారి చెంచాను తీసి పక్కకు పడుకోబెట్టలేదు. అది ఎండిన అన్నంలో, గుచ్చింది గుచ్చినట్టే, నిలువుగా ఉండిపోయింది.