మూడు తాళాల కందులు

అల్లుడి మీద నాకు మొదటి రోజు నుంచీ నమ్మకం లేదు. ఆ సంగతి దాచుకోవడం కూడా నాకు చేతకాదు. మా దేశానికి దక్షిణాన, మా ఫలోంబె వైపు, ఆడపిల్ల తన నేల మీదే ఉంటుంది, మగవాడే చాప చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వస్తాడు. వాడు ఉండాలో పోవాలో చెప్పేది ఆమె మేనమామ. ఎలుబికి మేనమామను నేనే. ఆమె కట్టుకున్న లైసన్ ఉత్తరాన మ్జింబా వాడు. అక్కడ ఆవులిచ్చి పెళ్లాన్ని తమ ఇంటికి తోలుకుపోతారు. అలాంటి చోట పుట్టినవాడు మా గడపలో ఇంత ఒదిగి ఉంటున్నాడంటే ఏదో ఎత్తు వేసే ఉంటాడని నా అనుమానం.

కందుల ఆలోచన అతనిదే. అంతకుముందు కంది కొట్టిన రోజే, కళ్లం దగ్గరికి సైకిలు మీద వచ్చిన బేరగాడికి అమ్మేసేవాళ్లం.

"మామయ్యా, మన కందులు ఓడెక్కి ఇండియా పోతాయి. అక్కడ రోజూ పప్పు వండుకుంటారంట. నలభై ఇళ్ల కందులూ ఒక్కచోట పెడితే పెద్ద వ్యాపారి లారీయే మన దగ్గరికొస్తది," అన్నాడు.

"వస్తది సరే, వచ్చేదాకా కాపలా ఎవరు? నువ్వేనా?"

"మూడు తాళాలు వేద్దాం."

మా ఆడవాళ్ల పొదుపు పెట్టెకు అదే పద్ధతి. ముగ్గురి దగ్గర మూడు తాళంచెవులు ఉంటాయి, ముగ్గురూ వస్తేనే మూత లేస్తుంది. పాత పొగాకు కొట్టుకు అలాగే మూడు తాళాలు తగిలించాం. ఒక తాళంచెవి నాకు, ఒకటి ఆడవాళ్ల సంఘం పెద్ద ఫాలెసికి, ఒకటి లైసన్‌కు. జూలై అంటే మాకు చలికాలం; ఆ మంచుజల్లు పడుతున్న రోజుల్లో, అలవాటు కొద్దీ, కొట్టిన కందుల్ని కొట్టిన రోజే బస్తాలకెత్తాం. మామిడి కొమ్మకు కాటా వేలాడదీసి, బస్తాకు సరిగ్గా యాభై కిలోలు తూచి లోపల పెట్టాం.

లారీ రాలేదు. మాకు సముద్రం లేదు. మా గింజ ఓడెక్కాలంటే పక్క దేశపు రేవు దాకా పోవాలి. ఆ దారిలో వంతెన కూలిందన్నారు, తర్వాత సరిహద్దులో లారీలు బారులు తీరాయన్నారు. లైసన్ రోజూ సిగ్నలు అందే గుట్టెక్కి వ్యాపారికి ఫోను చేసి వచ్చేవాడు. ఆ గుట్ట మీద నిజంగా ఎవరితో మాట్లాడేవాడో నేను చూడలేదు కదా.

ఐదు వారాలకు, ఎలుకలు పడ్డాయేమో చూద్దామని ఫాలెసి కొట్టు తెరిపించింది. ఒక బస్తా లేపి చూసి మొహం చిట్లించింది. తూస్తే నలభై తొమ్మిది. ఇంకోటి తూచాం, అదీ అంతే. కాటా తప్పేమోనని బడికి తెచ్చిన కొత్త సిమెంటు బస్తా తగిలించాం. యాభై చూపించింది. కందుల్లో పురుగు లేదు, సంచికి చిల్లు లేదు, కుట్లు విప్పిన జాడ లేదు.

"బస్తాకు కిలో తీసి, మళ్లీ కుట్టు తెలియకుండా కుట్టాడంటే మామూలోడు కాదు," అంది ఫాలెసి, ఎవరి పేరూ ఎత్తకుండా.

"తాళంచెవులు మూడున్నాయి కదమ్మా. నాదొక్కటే దొంగదా?" అన్నాడు లైసన్.

"మా రెండూ ఈ ఊళ్లోనే పుట్టాయి అల్లుడా," అన్నాను. అందరూ నవ్వారు, అతను తప్ప.

అప్పటి నుంచి నా కళ్లు అతని మీదే. టైరు చెప్పులు పోయి తోలు చెప్పులొచ్చాయి. లింబె సంతకు పోయి పెళ్లానికి కొత్త గుడ్డ తెచ్చాడు. కొట్టు తలుపు బందుల దగ్గర గీతలు కనబడ్డాయి.

"పాత తలుపుకు గీతలుండవా మామయ్యా?" అంది ఎలుబి.

"నీకు మొగుడి పిచ్చి పట్టింది," అన్నాను.

రెండు వారాల తర్వాత తూస్తే ఇంకో పావుకిలో పోయింది. ఇక ఆగలేకపోయాను. అల్లుణ్ణి పంపాలంటే రెండు వైపుల పెళ్లిపెద్దలూ కూర్చుని మాట్లాడాలి. అతని పెద్దమనిషి రావాలంటే రెండు రోజుల ప్రయాణం. నేను కబురే పెట్టలేదు. పొద్దున్నే అతని దుప్పటీ, పారా గుమ్మం బయట పెట్టాను.

"నేను తీయలేదు మామయ్యా. తీసుంటే ఎక్కడ దాస్తాను? నేను దగ్గినా నీకు తెలుస్తదే."

"ఎలా తీశావో తెలిసుంటే పోలీసుల్నే పిలిచేవాణ్ణి."

ఎలుబి వీపున బిడ్డతో గుమ్మంలో నిలబడింది. "ఇల్లు నాది మామయ్యా," అంది.

"మాట నాది," అన్నాను.

లైసన్ తాళంచెవి నా చేతిలో పెట్టి బస్సు రోడ్డు వైపు నడిచాడు. తన మీద మాట రాకుండా ఫాలెసి కూడా తన తాళంచెవి నాకే ఇచ్చేసింది. మూడూ తాడుకు గుచ్చి మెడలో వేసుకుని, కొట్టు వాకిట్లోనే పడక వేశాను. అప్పటికి గానీ నా మనసు కుదుటపడలేదు.

మాకు ఎండలు మండే అక్టోబరులో లారీ వచ్చింది. ఊరంతా చేరింది. మొదటి బస్తా నలభై ఎనిమిది తూగింది. రెండోది అంతకన్నా తక్కువే.

ఫాలెసి నా మెడ వంక చూసింది.

"అన్నా, తాళంచెవులు మూడూ నీ దగ్గరే ఉన్నాయి కదా," అంది మెల్లిగా.

వ్యాపారి మనిషి ఒక గింజ పంటి కింద పెట్టి కొరికాడు. "బాగా ఆరాయి. పచ్చి మీద తూచినట్టున్నారు. ఈ మాత్రం ఎక్కడైనా తగ్గుతాయి. ఎత్తండెత్తండి," అన్నాడు.

మా జన్మలో ఒకే గింజను రెండుసార్లు తూచి ఎరగం. తూచిన రోజే అది బేరగాడి సైకిలెక్కిపోయేది.

ఎలుబి జనంలోంచి ముందుకొచ్చింది. "ఆరితే తగ్గాయా మామయ్యా? ఆయనున్నప్పుడు తగ్గింది కూడా అదేనా?"

నలభై ఇళ్లవాళ్లూ నన్నే చూస్తున్నారు. అవునంటే, పాపం పుణ్యం ఎరగని మనిషిని తరిమినవాణ్ణి. కాదంటే దొంగను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన దొంగ అనిపించుకోవడమే తేలికనిపించింది.

"అదే," అన్నాను చివరికి.

ఎలుబి ఇంట్లోకి పోయి, నా ముందు ఎన్నడూ వేయని తలుపు లోపల నుంచి గడియ వేసుకుంది.