చీటీ మీద తేదీ

వేపకండ్రిగలో తేదీ తెలుసుకోవాలంటే ఎవరైనా రంగనాయకులు మాస్టారి దగ్గరికే వచ్చేవాళ్ళు. నాయుడుపేటకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఆ చిన్న ఊళ్ళో బడి ఆయనదే, బడి వసారాలో నడిచే పోస్టాఫీసూ ఆయనదే. పొద్దున్నే వసారా గోడకు తగిలించిన నల్లబల్ల మీద ఆనాటి తేదీని నాలుగు విధాలుగా రాసేవాడు. మొదట పోస్టు ముద్ర మీద పడే ఇంగ్లీషు తేదీ. దాని కింద పంచాంగం ప్రకారం మాసం, పక్షం, తిథి. ఆ కింద, సరుగుడు కట్టెలు కొనడానికి వచ్చే అరవ వర్తకుల కోసం వాళ్ళ నెల. యాభై ఏడులో ఢిల్లీ సర్కారు శక సంవత్సరపు లెక్క కొత్తగా పెట్టిన తర్వాత, చివర అది కూడా.

సర్కారు వారి చైత్రం పంచాంగంలోని చైత్రంతో ఎందుకు కలవదో, మన నెల చంద్రుడి వెంట పోతుంటే అరవవాళ్ళ నెల సూర్యుడి వెంట ఎందుకు పోతుందో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ విప్పి చెప్పేవాడు. కోర్టు వాయిదా కాగితమో, పట్నం నుంచి వచ్చిన పెళ్ళి పత్రికో తెచ్చి చూపిస్తే చాలు, వేళ్ళ కణుపులు లెక్కపెట్టి ఆ రోజుకు తిథి ఏదో చెప్పేవాడు. ఎన్నడూ తప్పు పోలేదు. తప్పు చెప్పడనే ఆ పేరంటే ఆయనకు మహా ఇష్టం.

ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన అక్క ఆదిశేషమ్మా. ఆమె ఆయనకంటే పన్నెండేళ్ళు పెద్దది. తల్లి పోయిన నాటికి రంగనాయకులుకు మూడేళ్ళు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి పుట్టింటికి వచ్చిన ఆదిశేషమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. అతణ్ణి గూడూరులో చదివించడానికి తమ మళ్ళలో నాట్లు వేసుకున్నాక, ఊళ్ళోవాళ్ళ మళ్ళలోకి కూడా కూలికి దిగింది. తరువాత రంగనాయకులు భార్య తొలికాన్పులోనే పోయింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆదిశేషమ్మకు దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనబడసాగాయి. కుడికన్ను అంతకుముందే మసకబారింది. ఎడమ కంటితో కూడా పక్కనుంచి వచ్చే మనిషి కనబడక గడపకు తగులుకునేది. నాయుడుపేట దారిలో ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉంది. అక్కడికి అమెరికా నుంచి కళ్ళ డాక్టరు వచ్చాడని తెలిసి, మే నెల మధ్యలో చెంగయ్య బండి కట్టించుకుని రంగనాయకులు అక్కను తీసుకుపోయాడు. చెంగయ్య ఎదురింటి రైతు. ఆదిశేషమ్మను సొంత అక్కలాగే చూసుకునేవాడు.

డాక్టరు పొడుగాటి మనిషి. ఆమె కళ్ళు చాలాసేపు చూశాడు. రంగనాయకులు వైపు తిరిగి ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. అది కంటినరాన్ని ఎండగట్టే నీటికాసుల జబ్బనీ, కుడికన్ను పోయిందనీ, ఎడమకంటికి ఆపరేషను చేస్తే నిలుస్తుందనీ మాస్టారికి అర్థమైంది. చివర డాక్టరు మూడు వేళ్ళు చూపించాడు. ఒక మందు సీసా ఇచ్చి, చీటీ మీద తేదీ వేశాడు. 6/7/61.

బయటికి వస్తుంటే జయశీల అనే నర్సు వెనకనుంచి పిలిచింది.

"మాస్టారూ, ఆగండి. ఎప్పుడు రావాలో చెప్తాను."

"రాసిచ్చినాడు గదమ్మా. నాకు చదవను వచ్చులే," అని రంగనాయకులు చీటీ ఊపి చూపించాడు. చుట్టూ ఉన్న పదిమందీ విన్నారు. జయశీల నవ్వి తరువాతి మనిషిని పిలుచుకుంది.

బండిలో ఆదిశేషమ్మ అడిగింది. "ఎప్పుడు రమ్మన్నాడురా?"

"జూలై ఆరు. గురువారం." ఆయన కణుపులు లెక్కపెట్టాడు. "జ్యేష్ఠ బహుళ నవమి."

"నవమి నాడా కంటికి కత్తి పెట్టేది?"

"దొరలకు నవమేంది, దశమేంది అక్కా."

"మూడు వేళ్ళు చూపించినాడే. మూడు వారాలనేమో. మళ్ళీ ఒకసారి అడిగి రారాదా?"

"దినానికి మూడుసార్లు మందు వేసుకోమని చెప్పినాడు. నువ్వు గమ్మున కూచో."

జూన్ ఏడో తేదీ బుధవారం తెల్లవారుతూనే ఇంటిముందు గంటలు వినిపించాయి. రంగనాయకులు లేచి చూస్తే చెంగయ్య బండి కట్టుకుని నిలబడి ఉన్నాడు. గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేశాడు. ఆదిశేషమ్మ అప్పటికే తలంటుకుని, రెండు చీరలూ, చెంబూ, కాస్త అటుకులూ మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏంది చెంగయ్యా ఇది?"

"ఈ పొద్దు నవమి గద అయ్యవారా. జ్యేష్ఠ బహుళ నవమి. అక్క చెప్పింది మరిచిపోతానా?"

రంగనాయకులు పకపకా నవ్వాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆ ఏడు జ్యేష్ఠాలు రెండు వచ్చాయని, ఇది అధిక జ్యేష్ఠమని, చంద్రుడి నెలలు సూర్యుడి కంటే ముందుకు జరిగిపోకుండా మూడేళ్ళకోసారి ఒక నెల కలుపుతారని, తాను చెప్పింది నిజ జ్యేష్ఠంలో నవమి అని పాఠంలాగా చెప్పాడు. "అసలుది వచ్చేనెల. ఇది లెక్కలోకి రాదు" అన్నాడు.

"ఎట్టాగూ బండి కట్టినాను గదా. పోయి ఒక మాట కనుక్కోని వద్దాం పా అయ్యవారా," అన్నాడు చెంగయ్య.

"చీటీ చేతిలో పెట్టుకోని పోయి తేదీ అడిగితే నవ్వరా? ఎద్దుల్ని ఇప్పెయ్."

చెంగయ్య తల గోక్కుంటూ బండి తిప్పుకుపోయాడు. ఆదిశేషమ్మ లోపలికి పోయి మూట విప్పి, చీరలు దండెం మీద వేసింది.

మరునాటికి సీసాలో మందు అయిపోయింది. ఆ మాట ఆమె చెబితే, "ఎట్టాగూ పోతాం గదా, అప్పుడు ఇస్తారు" అన్నాడు రంగనాయకులు. జూన్ చివర రెండు రోజులు ఆమె తలనొప్పితో వాంతులు చేసుకుంది. ఆ తరువాత నొప్పి తగ్గింది గానీ, అన్నం పళ్ళెంలో కూర ఎక్కడుందో చేత్తో తడుముకోవడం మొదలుపెట్టింది. వారమే కదా ఉందని ఆయన సర్దిచెప్పాడు. తనకూ అలాగే సర్దిచెప్పుకున్నాడు.

జూలై ఆరో తేదీ వాళ్ళు పోయేసరికి ఆసుపత్రి ఆవరణ బోసిగా ఉంది. అక్కనూ చెంగయ్యనూ బండి దగ్గరే ఉండమని రంగనాయకులు లోపలికి పోయాడు. జయశీల చీటీ చూసి, ఆయన ముఖం చూసింది.

"అయ్యో మాస్టారూ. మీరు రావాల్సింది జూన్ ఏడు గదా. ఆ రోజు సాయంత్రం దాకా మీకోసం చూసినాడు డాక్టరుగారు. పోయిన వారమే మద్రాసులో ఓడెక్కి వెళ్ళిపోయినాడు."

"ఇక్కడ జూలై ఆరని ఉంది గదమ్మా."

"అమెరికావాళ్ళు నెల ముందు రాస్తారు, తేదీ తరువాత. అందుకే ప్రతివాళ్ళకూ వారం పేరుతో సహా నోటితో చెప్పి పంపిస్తాం. మీరు చదవను వచ్చునన్నారు గదా..." ఆమె అంతటితో ఆపేసింది. తప్పుపట్టే గొంతు కాదది. అందుకే ఆయనకు మరీ బాధ కలిగింది.

రంగనాయకులుకు చెంగయ్య బండిలో పరిచిన దుప్పటి కళ్ళముందు కదిలింది. దేశాల పద్ధతులు ఎన్నో తెలుసుననుకున్నాడు. ఒకే మూడు అంకెలను సముద్రానికి అవతల తిరగేసి చదువుకుంటారని ఊహకైనా రాలేదు. తనకు తెలియని పద్ధతి ఇంకొకటి ఉండవచ్చునన్న అనుమానమే రాలేదు. పంచాంగం లేని చెంగయ్య, చదువు లేని అక్క సరైన రోజుకే సిద్ధమై కూర్చుంటే, వెనక్కి పంపించింది తాను.

బయటికి వచ్చాడు. ఆదిశేషమ్మ అడుగుల చప్పుడుకు తల తిప్పి, "ఏమన్నాడురా?" అంది.

నోరు తెరిచేదాకా ఆయనకు నిజం చెబుదామనే ఉంది.

"దొర ముందే వెళ్ళిపోయినాడంట అక్కా. చెప్పాపెట్టకుండా."

రెండో రోజే రైల్లో మద్రాసు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చూసి, నరం ఎండిపోయిందనీ, ఒక నెల ముందు వచ్చి ఉంటే వేరే సంగతనీ అన్నాడు. ఆ మాట ఆయన అక్కకు చెప్పలేదు. ఆ ఏడు దీపావళి నాటికి ఆమెకు వెలుగూ చీకటీ తేడా కూడా తెలియకుండా పోయింది.

ఆ తరువాత రంగనాయకులు నల్లబల్ల మీద తేదీ రాయడం మానలేదు. మానితే ఎందుకని అడుగుతారని భయం. ఎవరైనా కాగితం తెస్తే మాత్రం, "దీన్ని రాసినవాళ్ళు ఏ వారమన్నారో కనుక్కో ముందు" అని తిప్పి పంపేవాడు. మాస్టారికి చాదస్తం ఎక్కువైందని ఊళ్ళో అనుకున్నారు. ఇంట్లో అక్కకు అన్నం కలిపి పెట్టేవాడు, తల దువ్వేవాడు. తమ్ముడంటే అట్లా ఉండాలని నలుగురూ మెచ్చుకుంటుంటే తల వంచుకుని అక్కణ్ణుంచి పోయేవాడు.

ఆదిశేషమ్మకు చూపు పోయినందుకన్నా, ఆ దొర మాట తప్పినందుకే ఎక్కువ కోపంగా ఉండేది. ఎవరు పరామర్శకు వచ్చినా, "రమ్మని రాసిచ్చి పారిపోయినాడమ్మా ఆ పాపిష్టోడు" అనేది. అలా అన్నప్పుడల్లా రంగనాయకులు ఏదో పని కల్పించుకుని లేచేవాడు.

అలా అయిదేళ్ళు గడిచాయి. అరవై ఆరులో చెంగయ్య భార్య పిచ్చమ్మకు అదే జబ్బు మొదలైంది. దీపం చుట్టూ రంగుల గుండ్రాలు. మిషను ఆసుపత్రికి మళ్ళీ ఎవరో కళ్ళ డాక్టరు వచ్చాడని విని, పోవాలా వద్దా అని సలహా అడగడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆదిశేషమ్మ దగ్గరికి వచ్చారు.

"పోబాకమ్మే," అంది ఆదిశేషమ్మ. "వాళ్ళ మాట నమ్ముకొనే గదా నేనిట్టా అయింది. కళ్ళలో పసరు పోసుకో. అదే నయం."

చెంగయ్య తలాడించాడు. "నేనూ అదే అనుకుంటి అక్కా. నీ గతి కళ్ళారా చూసినాక ఎవరు పోతారు."

వాళ్ళు లేచారు. గుమ్మం దాటబోతుండగా రంగనాయకులు, "చెంగయ్యా, నిలువు" అన్నాడు.

"ఆ దొర మాట తప్పలేదు. ఆయన రమ్మన్నది అధిక జ్యేష్ఠంలో నవమికే. నువ్వు బండి కట్టుకోని వచ్చినావే, ఆ పొద్దుకే. వాళ్ళు నెల ముందు రాస్తారు, నేను తిరగేసి చదివినాను. పొద్దు గుంకేదాకా మాకోసం చూసినాడంట. ఇదంతా నాకు ఆ పొద్దే ఆసుపత్రిలో తెలిసింది. మీకు అబద్ధం చెప్పినాను."

పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంగయ్య మాస్టారి వైపు చూడకుండా, ఆదిశేషమ్మ వైపు చూశాడు.

ఆమె అడిగింది. "ఆ పొద్దు పోయుంటే కన్ను నిలిచేదా?"

"నిలిచేదేమో అక్కా. మద్రాసు డాక్టరు అట్లానే అన్నాడు."

"సరే. చదవడంలో తప్పు పోయింది. మనిషన్నాక పోతుంది. కానీ అయిదేళ్ళుగా ఆ మహానుభావుణ్ణి తిట్టినాను గదరా. పూటపూటా తిట్టినాను. నువ్వు పక్కనే కూచోని విన్నావు. ఆ పాపం నాచేత చేయించినావే. ఇప్పుడు ఈ పిచ్చమ్మకు కూడా వద్దని చెప్పించినావే."

రంగనాయకులు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తల మీద చెయ్యీ వెయ్యలేదు.

"చెంగయ్యా," అంది ఆమె. "రేపే దాన్ని తీసుకోనిపో. ఏ వారం రమ్మన్నారో ఆ నర్సమ్మ నోటితో చెప్పించుకో."

పిచ్చమ్మకు ఆపరేషను అయింది. ఒక కన్ను పూర్తిగా, ఒక కన్ను సగం దక్కాయి. చెంగయ్య ఎదురింట్లోనే ఉన్నా, ఆ తరువాత మాస్టారితో అవసరమైన మాటే మాట్లాడేవాడు. కోపమూ చూపించలేదు, చనువూ చూపించలేదు.

పిచ్చమ్మ ఇంటికి వచ్చిన వారానికి ఆదిశేషమ్మ తమ్ముణ్ణి పిలిచింది. ఆ దొరకు ఉత్తరం రాయమంది. తాను తెలియక తిట్టినాననీ, తప్పు కాయమనీ, అంతే. రంగనాయకులు నాయుడుపేట పోయి జయశీలను అడిగితే, ఆమె పాత కాగితాలు వెతికి అమెరికా చిరునామా ఒకటి ఇచ్చింది. అక్కడే ఉన్నారో లేదో తెలియదంది. ఆయన ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. అక్క చెప్పింది రాశాక, అడుగున తన తప్పు కూడా దాచకుండా రాశాడు. తెలుగులో చదివి ఆమెకు వినిపించాడు. ఆమె విని, "సరే, వెయ్యి" అంది.

ఆ ఏడంతా ఆమె మధ్యాహ్నం తపాలా సంచి వచ్చే వేళకు అరుగు మీదికి వచ్చి కూర్చునేది. "వచ్చిందా?" అని అడిగేది. "రాలేదక్కా" అనేవాడు. ఏడాది దాటాక అడగడం మానేసింది. అరవై ఎనిమిది ఫాల్గుణంలో, మూడు రోజుల జ్వరంతో పోయింది.

జవాబు రాలేదు. రంగనాయకులు మాత్రం పోస్టాఫీసు పని వదిలే వరకూ సంచి విప్పగానే ముందు పైదేశపు స్టాంపు ఉన్న కవరేమైనా ఉందేమోనని చూసేవాడు. తరువాతే ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు తీసేవాడు.