ఆరో అంతస్తులో పనసపండు

ఫ్లాటు చూడ్డానికి వెళ్తూ ఎవరైనా పనసపండు మోసుకెళ్తారా? బంగారమ్మ మోసుకెళ్ళింది. కవిటిలో తన పెరటి చెట్టు పండు. పలాసలో రైలెక్కించి, విశాఖలో సముద్రం కనిపించే డబ్బున్నవాళ్ళ కాలనీ దాకా తెచ్చింది. రైలు పెట్టె నిండా అదే వాసన. మొగుడు ఢిల్లీరావు సిగ్గుతో చచ్చిపోయాడు.

"అడ్వాన్సు ఇచ్చేముందు ఆ ఇంట్లో ఒక పూటుంటాను మావా. పండు కోత్తాను. తిండానికి ఎవులొత్తారో సూత్తాను" అంది. వాళ్ళ ఉద్దానం ఊళ్ళలో పనసపండు ఒక్క ఇంటివాళ్ళు తినేది కాదు. కోశారంటే వాసనకే వీధి వీధంతా వచ్చి కూర్చుంటుంది.

ఇల్లు మారక తప్పేలా లేదు. ఢిల్లీరావు అన్నలిద్దరూ కిడ్నీలు పాడై చనిపోయారు. ఈమధ్య అతని రక్తపరీక్షా బాగా రాలేదు. నీళ్ళ వల్లో, మరి దేని వల్లో ఎవరూ తేల్చి చెప్పరు. "నన్నూ ఆల పక్కన పడుకోమంటావేటే?" అని అతనన్న రోజు బంగారమ్మ అన్నం ముట్టలేదు.

ఆరో అంతస్తులో పాలరాతి గచ్చు మీద పేపర్లు పరిచి, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని పండు చీల్చింది. తలుపు బార్లా తెరిచింది. ఒక్క పురుగూ రాలేదు. ఎదురింటి బెల్లు కొడితే, "ఏమన్నా ఉంటే గేటు దగ్గర ఇచ్చి వెళ్ళండి" అని లోపల్నుంచే గొంతు. పక్కింటావిడ ముక్కు మూసుకుని తలుపేసుకుంది. ఓరి భగవంతుడా, ఇదేం మనుషులమ్మా! బంగారమ్మకి ఏడుపొచ్చింది.

అప్పుడు మెట్ల మీంచి చీపురుతో ఒకామె తొంగిచూసింది. "ఉద్దానం పనసేనా అమ్మా?" అంది. పేరు సూరమ్మ, ఊరు కంచిలి, ఇక్కడ నాలుగిళ్ళలో పాచిపని.

"ఓలమ్మ, వాసన బట్టి పోల్సీసినావా! రా, కూకో."

సూరమ్మ కింద పనిచేసే ఇంకో ఇద్దర్ని కేకేసింది. గుమ్మం ముందు అందరూ తొనలు తింటుంటే అసోసియేషన్ సెక్రటరీ వచ్చాడు.

"మేడమ్, పనివాళ్ళు ఇక్కడ కూర్చోకూడదు, రూలుంది. పైగా ఈ కంపు!"

సూరమ్మ గబుక్కున లేవబోయింది. బంగారమ్మ జిగురు చేత్తోనే భుజం పట్టి కూర్చోబెట్టింది.

"కంపా? ఒక్క తొన నోట్లో ఎట్టుకుని అప్పుడు సెప్పు బాబూ."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఢిల్లీరావు మొహం వేలాడేశాడు.

"ఎల్పోదాం పదే. నీకీడ పడదు. మన నీళ్ళే తాగుదాం, ఏదయితే అదవుద్ది."

ఆ నీరసం గొంతు విని బంగారమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఈ తలుపులేసుకునే వాళ్ళకి జడిసి మొగుణ్ణి పోగొట్టుకుంటుందా?

"నానెందుకెల్తాను? అడ్వాన్సు ఇచ్చీ మావా." సెక్రటరీ వైపు తిరిగింది. "ఈ ఇల్లు కొంతన్నాం బాబూ. రూలు మార్సుకుంటారో, ముక్కులు మూసుకుంటారో మీ ఇష్టం. ఏటేటా పండు కోత్తాను. ఈలు ఈడే కూకుని తింటారు."

సూరమ్మ చీపురు పక్కన పెట్టి, ఆయన చూస్తుండగానే ఇంకో తొన తీసుకుంది.