పదకొండు ఫారాలకు ఒకే నంబరు

హాస్టల్ ప్రవేశ పరీక్షకు సరోజిని టీచరు పంపిన పదకొండు దరఖాస్తులూ మధ్యాహ్నం రెండింటికి తిరిగి వచ్చేశాయి. అన్నిటి మీదా ఎర్ర అక్షరాల్లో ఒకటే మాట: ‘వివరాలు చెల్లవు’. గడువు ఆ సాయంత్రం ఐదింటిదాకే. ఆమె బడిలో సెలవు చెప్పి, ఆటో ఎక్కి, ఆ వెబ్‌సైటు నడిపే ఆఫీసుకు వెళ్లింది.

అక్కడి ప్రోగ్రామరు వివేక్, ఆ హిందీ ఊళ్లో ఆమెలాగే తెలుగువాడు. రైల్వే వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పెరిగినవాడు.

“అన్నీ సరిగానే నింపాను బాబూ. పచ్చ టిక్కు కూడా వచ్చింది.”

“ఆ టిక్కు మీ కంప్యూటర్లో పడేది మేడమ్. పది అంకెలున్నాయా లేదా, బస్, అంతే చూస్తాది. అసలు తనిఖీ మా సర్వర్లో. బయటినుంచి ఏదొచ్చినా నమ్మకూడదు, అది మా పనికి మొదటి పాఠం.” తెరను ఆమెవైపు తిప్పాడు. “ఇదిగో, అందరికీ తండ్రి మొబైలు ఒకటే. దళారులు ఒక్క నంబరుతో వందేసి ఫారాలు కొడతన్నారని నిన్ననే రూలు పెట్టాం. ఇద్దరికి మించితే వాపస్. ఎవరండీ ఈ మహానుభావుడు, పదకొండు మందిని కన్నాడు?”

పక్క సీటులో పూర్ణిమ అనే అమ్మాయి కిసుక్కుమంది.

“మావారు,” అంది సరోజిని. “పోయి ఐదు నెలలైంది.”

వివేక్ తల దించుకున్నాడు. “మాఫ్ కరో... తెలీదు మేడమ్.”

ఆ పిల్లల తల్లిదండ్రులు ఊరిబయట సిల్తారా ఫ్యాక్టరీల్లో కూలికి వెళ్లేవాళ్లు. చాలా ఇళ్లలో ఫోను ఉండదు. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం వెళ్లదు గనక ఏటా ఆమె భర్త సూర్యారావు నంబరు వేసేది. పరీక్ష ఎక్కడో, ఎప్పుడో మెసేజీ అతనికి వచ్చేది. వర్క్‌షాపు నుంచి రాగానే సైకిలు మీద ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చేవాడు. ఈ ఏడు కూడా ఆమె అదే నంబరు వేసింది. చేతికి అలవాటైపోయింది అనుకుంది. ఆ నంబరుకు నెలనెలా రీచార్జి చేయిస్తున్నది కూడా ఆమే.

“మీకోసం ఒక గంట రూలు ఆపేస్తా మేడమ్,” అన్నాడు వివేక్. “అదే నంబరుతో వెళ్లిపోతాయి.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“వద్దు. కబురు పట్టుకెళ్లే మనిషి లేడు కదా. ఫోను లేదని రాసే వీలు పెట్టు. లేకపోవడం తప్పుడు వివరం కాదు.”

“వీలిస్తే అందరూ అదే నొక్కుతారు.”

“నొక్కినవాళ్లకు బడి తరఫున ఒక టీచరు పేరూ, నంబరూ అడుగు. జవాబుదారీ ఉంటుంది.”

వివేక్ పూర్ణిమ వంక చూశాడు. ఆమె తలూపింది. ఇద్దరూ గంటన్నర కూర్చుని ఆ గడి చేర్చారు. దొంగ ఫారాలు నాలుగు పంపి చూశారు. నాలుగూ వాపస్ వచ్చాయి.

“మీ పదకొండూ నేనే ఒక్క కమాండుతో మార్చేస్తా. దో మినిట్.”

“నేను మారుస్తాను.”

కుర్చీ ఆమెకు వదిలి అతను లేచాడు. మొదటి ఫారంలో చివరి అంకె నుంచి వెనక్కి ఒక్కొక్కటే చెరిపింది. ‘ఇంట్లో ఫోను లేదు’ అన్న గడి నొక్కి, తన పేరూ తన నంబరూ వేసింది. రెండో ఫారం, మూడోది. ఎవరూ తొందరపెట్టలేదు. పదకొండోది అందిందని వచ్చేసరికి నాలుగూ నలభై.

ఆమె వివేక్‌ను ఒక తెల్లకాగితం అడిగింది. పిల్లల పేర్లు రాసి, పక్కన ఎవరి ఇల్లు ఎక్కడో గుర్తు తెచ్చుకోసాగింది. నాలుగిళ్లు తెలియలేదు. ఆదివారం అడుగుతూ వెళ్లాలి.